డబ్బు గురించి రాసేవాళ్లు కంపెనీ ఖర్చుతో సదస్సుకు వెళ్లొచ్చా?

ఓరుగల్లు పొదుపు
అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తాను. సాయంత్రాలు తెలుగులో బ్లాగు రాస్తుంటాను. చిట్టీలు, గోల్డ్ లోన్లు, టర్మ్ ఇన్సూరెన్స్, మ్యూచువల్ ఫండ్లలో డైరెక్ట్ ప్లాన్‌కీ రెగ్యులర్ ప్లాన్‌కీ తేడా, ఇట్లాంటివి. వచ్చే నెల హైదరాబాద్‌లో బ్లాగర్లకు రెండు రోజుల సదస్సు ఉంది. అందులో ఒక పూట డబ్బు విషయాలు రాసేవాళ్ల కోసమే పెట్టారు. ఎంట్రీ ఫీజు, హోటల్, రానుపోను చార్జీలు అన్నీ తామే పెట్టుకుంటామని షేర్లు కొనడానికి ఖాతా తెరిచే ఒక డీమాట్ యాప్ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. బదులుగా ఏమీ రాయనక్కర్లేదట, వచ్చి వాళ్ల మనుషులను కలిస్తే చాలట. సొంతంగా పోవాలంటే నా జీతానికి కొంచెం బరువే. వెళ్లాలా? వెళ్తే ఎవరి డబ్బుతో? మొహమాటం లేకుండా చెప్పండి.

హన్మకొండ చౌరస్తా
ఇందులో అడగడానికేముంది తమ్మీ, వెళ్లు. నేను పెళ్లిళ్ల ఫొటోలు తీస్తా, దాని గురించే రాసేవాణ్ని. అట్లాంటి ఒక మీట్‌లో పరిచయమైన వాళ్ల వల్లే నాకు హైదరాబాద్ ఆర్డర్లు మొదలయ్యాయి. గదిలో కూర్చుని ఎంత బాగా రాసినా మనం ఉన్నామనే సంగతి ఎవరికీ తెలియదు. అమెరికాలో డబ్బు గురించి రాసేవాళ్లకు 2011లోనే సదస్సు మొదలైంది. ఇప్పుడు ఫిన్‌కాన్ అంటారు, మొదట్లో దాని పేరే ఫైనాన్షియల్ బ్లాగర్ కాన్ఫరెన్స్. అక్కడ కూడా స్పాన్సర్లు డబ్బు పెడితేనే నడుస్తుంది. స్పాన్సర్ లేకుండా సదస్సు ఎక్కడా జరగదు.

కాజీపేట జంక్షన్
హోటల్ ఎందుకు? పొద్దున ఇక్కడ రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగి పని చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. రైలు దొరక్కపోతే ఉప్పల్ నుంచి బస్సులే బస్సులు. 150 కిలోమీటర్లు కూడా లేని ఊరికి హోటల్ గది ఇస్తామంటున్నారంటే ఆ గది దేనికోసమో ఆలోచించు.

లెక్కల పద్దు
పన్ను సంగతి ఎవరూ అడగడం లేదు కాబట్టి నేను చెప్తాను. ఆదాయపు పన్నులో ఒక నిబంధన 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది, అప్పుడు దాని పేరు సెక్షన్ 194ఆర్. వ్యాపారం వల్ల గానీ వృత్తి వల్ల గానీ మీకు వచ్చిన ప్రయోజనం విలువ ఒక ఆర్థిక సంవత్సరంలో 20 వేలు దాటితే, ఇచ్చినవాళ్లు 10 శాతం టీడీఎస్ కట్టాలి. అది వస్తువు కావచ్చు, ప్రయాణం కావచ్చు. హోటల్, ఎంట్రీ, చార్జీలు కలిపితే ఎంతవుతుందో ముందే మెయిల్‌లో అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. రేపు ఏఐఎస్‌లో, అంటే పన్ను శాఖ దగ్గరుండే మీ ఆదాయాల జాబితాలో, కనిపించాక ఇదేమిటని అడిగితే లాభం లేదు.

ఎనుమాముల
అడ్తిదారు దగ్గర చాయ్ తాగినోడు మిర్చి ధర మీద గట్టిగా కొట్లాడలేడు. నా మాట ఇంతే.

బొగ్గుబాయి బిడ్డ
నేను గోదావరిఖని. మా నాన్న సింగరేణిలో రిటైరయ్యాడు. వచ్చిన గ్రాట్యుటీ మొత్తం బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయడానికి పోయాడు. కౌంటర్ పక్కన కూర్చున్న ఒకతను, మాకు తెలిసినవాళ్ల పిల్లాడే, దీనికంటే మంచిది ఉందని చెప్పి సంతకాలు పెట్టించుకున్నాడు. ఇంటికి ఇన్సూరెన్స్ బాండు వచ్చాక నేను చూశాను. అంతా ఇంగ్లిష్. ప్రీమియం పదేళ్లు కట్టాలని ఉంది. మా నాన్న తెలుగులో సంతకం చేశాడు. ఫోన్ నంబరు గడిలో ఉన్న నంబరు మా నాన్నది కాదు. కంపెనీ వాళ్లు వెరిఫికేషన్‌కు ఫోన్ చేస్తే ఎవరు ఎత్తారో, ఎవరు "అవును, అర్థమైంది" అన్నారో మీరే ఊహించుకోండి. పెన్షన్‌తో బతికే మనిషి ఏటా అంత ప్రీమియం ఎక్కడి నుంచి తెచ్చి కడతాడు? మధ్యలో ఆపితే కట్టిందాంట్లో చాలా భాగం పోయింది. ఆ ఏడాదే ఆ పిల్లాడు టార్గెట్ కొట్టాడని కంపెనీ ఖర్చుతో విదేశం పోయొచ్చాడు. ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడితే మా అమ్మ చూసింది.

ఉచిత ప్రయాణం అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరో ఒకరు కడితేనే ఇంకొకరికి ఉచితం అవుతుంది. వద్దు సార్, వెళ్లకండి.

హన్మకొండ చౌరస్తా
మీ నాన్నగారికి జరిగింది ఘోరం, కాదనను. కానీ అది పాలసీ అమ్మినవాడి సంగతి. ఈయన ఎవరికీ ఏమీ అమ్మడం లేదు. ఒక సదస్సుకు పోయి నలుగురిని కలిసి వస్తానంటున్నాడు. రెండూ ఒకటే అంటే ఎట్లా?

కాజీపేట జంక్షన్
కలవడానికి పగలు చాలు. రాత్రి హోటల్ ఎందుకో ఇంకా ఎవరూ చెప్పలేదు.

లెక్కల పద్దు
ఇంకో మాట. సొంత డబ్బుతో పోతే ఆ ఖర్చు బ్లాగు ఆదాయంలో తగ్గించుకోవచ్చని కొందరు అనుకుంటారు. లెక్కల పుస్తకాలు రాసి వ్యాపార ఆదాయంగా చూపిస్తే సరే. లెక్కలు రాయకుండా వచ్చినదాంట్లో ఇంత శాతం అని అంచనా లాభం చూపించేవాళ్లకు టికెట్ ఖర్చు విడిగా తగ్గించుకునే వీలు లేదు. మీరు ఎట్లా చూపిస్తున్నారు?

హన్మకొండ చౌరస్తా
సార్, ఆయన ఇంకా ఇల్లు కదలలేదు, మీరు అప్పుడే రిటర్న్ వేయిస్తున్నారు.

జగిత్యాల అక్క
మా ఆయన దుబాయ్‌లో పని చేస్తాడు. విదేశానికి పనికి పోయినోళ్లు ఊళ్లో ఉన్న మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్చుకోవాలని, అక్కడి సంపాదన ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేస్తే వడ్డీకి ఇక్కడ పన్ను పడదని నాకు తెలిసింది ఈ తమ్ముడు రాసింది చదివే. మా బ్యాంకులో ఎవరూ చెప్పలేదు. నేనైతే వెళ్లమనే అంటాను. వెళ్లి ఆ యాప్ వాళ్లను ఒకటి అడగాలి. మొదటి స్క్రీన్ తెలుగులో ఉంటుంది, "మీ కలలు నిజం చేసుకోండి" అని. కింద ఒప్పుకున్నట్టు టిక్ పెట్టే కాగితం దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లిష్ అవుతుంది. నేను ఎన్నిసార్లు చూసినా అంతే. ఎందుకు అట్లా?

బొగ్గుబాయి బిడ్డ
అక్కా, అదే నేను చెప్పేది. వాళ్లు పెట్టిన అన్నం తిని, వాళ్లిచ్చిన గదిలో పడుకుని, పొద్దున లేచి ఈ ప్రశ్న అడగడానికి నోరొస్తుందా? మర్యాదస్తుడికి అసలే రాదు. ఈ సార్ మర్యాదస్తుడని ఆయన రాతలోనే తెలుస్తుంది.

హన్మకొండ చౌరస్తా
అంటే ఏమిటి, ఒక రాత్రి గదికి అమ్ముడుపోతాడంటారా? ఇంతకాలం రాసిన మనిషిని పట్టుకుని అనాల్సిన మాటేనా ఇది?

బొగ్గుబాయి బిడ్డ
ఆ మాట నేను అనలేదు. నా నోట్లో పెట్టకండి.

లెక్కల పద్దు
చట్టం ఏమంటుందో చూద్దాం. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఒక కంపెనీని మెచ్చుకుంటూ రాసేటప్పుడు దాని నుంచి అందినవన్నీ చెప్పాలి. డబ్బులే కాదు, ప్రయాణాలు, హోటల్ బస, బహుమతులు కూడా. దాచిపెట్టి జనాన్ని తప్పుదోవ పట్టిస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం 10 లక్షల దాకా జరిమానా పడొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. అంటే వెళ్లడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు.

కాజీపేట జంక్షన్
సరే, హోటల్ సంగతి వదిలేస్తా. ఇప్పుడే ఆయన బ్లాగు మొత్తం చదివాను. డీమాట్ ఖాతా ఎట్లా తెరవాలో చెప్పిన వ్యాసం కింద "ఇక్కడ తెరవండి" అని లింక్ ఉంది. దానికింద చిన్నక్షరాల్లో, దీని ద్వారా తెరిస్తే నాకు కొంత కమీషన్ వస్తుంది అని ఉంది. మనమంతా గది గురించి కొట్టుకుంటున్నాం. అసలు డబ్బు ఇక్కడుంది కదా?

లష్కర్ బజార్
అన్న పాయింటు పట్టాడు.

ఓరుగల్లు పొదుపు
నేను దాచలేదన్నా. కమీషన్ వస్తుందని రాసే పెట్టాను. బ్లాగుకు డొమైన్, హోస్టింగ్ ఖర్చు ఏటా ఉంటుంది. యాడ్స్ మీద వచ్చేది దానికి సరిపోదు. ఆ ఒక్క లింక్ మీదే అది నడుస్తోంది. ఆ వ్యాసంలో ఖాతాకు ఏటా కట్టే ఏఎంసీ చార్జీలు, లావాదేవీ చార్జీలు, ఖాతా మూసేయాలంటే ఏం చేయాలి, అన్నీ రాశాను. ఫలానా షేరు కొనండి అని నేను ఏనాడూ రాయలేదు.

లెక్కల పద్దు
ఆ ఆఖరి వాక్యమే ముఖ్యం. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ 2024 ఆగస్టులో నిబంధనలు మార్చింది. నమోదు లేకుండా పెట్టుబడి సలహాలు చెప్పేవాళ్లతో గానీ, ఇంత రాబడి వస్తుందని చెప్పేవాళ్లతో గానీ సెబీ కింద ఉన్న కంపెనీలు సంబంధం పెట్టుకోకూడదు. డబ్బు ఇవ్వడం, కస్టమర్లను పంపించుకోవడం రెండూ అందులోకి వస్తాయి. ఊరికే అవగాహన కల్పించేవాళ్లకు ఇది వర్తించదు. 2025 జనవరి 29న ఇచ్చిన సర్క్యులర్‌లో దానికీ గీత గీసింది. అవగాహన పేరుతో చెప్పేవాళ్లు షేర్ల గురించి మాట్లాడేటప్పుడు గత మూడు నెలల ధరలు వాడకూడదని అప్పుడు అందులో చెప్పింది. కాబట్టి ఆ లింక్ ఉన్న బ్లాగులో సలహా అనిపించే వాక్యం ఒక్కటి కూడా ఉండకూడదు. హోటల్ గది కంటే ఇది పెద్ద విషయం.

బొగ్గుబాయి బిడ్డ
లింక్ సంగతి నాకు తెలియదు. అక్షరాలు అంత చిన్నగా ఉంటే ఎట్లా తెలుస్తుంది? మా నాన్న బాండులో కూడా అసలు విషయం చిన్నక్షరాల్లోనే ఉంది.

హన్మకొండ చౌరస్తా
ఇక నేను ఆగలేను. అందరినీ సూటిగా అడుగుతున్నా. ఈయన రాసింది చదివి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరుచుకున్నారు, డైరెక్ట్ ప్లాన్‌లోకి మారారు, చిట్టీ పాటలో ఫోర్‌మన్ కమీషన్ ఎంత పోతుందో తెలుసుకున్నారు. మీలో ఒక్కరైనా ఆయనకు ఒక్క రూపాయి ఇచ్చారా? కంపెనీ డబ్బు తీసుకోవద్దు, లింక్ పెట్టొద్దు, హోటల్లో పడుకోవద్దు. మరి ఎట్లా రాయాలి? నేను తెలుగులో రాయడం ఎందుకు మానేశానో తెలుసా? బాగుందన్నా, బాగుందన్నా అన్న కామెంట్లు తప్ప ఇంకేం రాలేదు. కెమెరా రిపేరుకొస్తే కామెంట్లు చూపించలేం కదా. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు పుస్తకాలు అమ్ముతారు, క్లాసులు పెడతారు, వాళ్లను ఎవరూ ఏమీ అనరు. తెలుగులో రాసేవాడు మాత్రం సన్యాసిలా బతకాలి. మీకు నచ్చనిది హోటల్ కాదు. డబ్బు గురించి రాసేవాడు డబ్బు సంపాదించడమే మీకు నచ్చడం లేదు.

బొగ్గుబాయి బిడ్డ
సంపాదించనివ్వండి, ఎవరొద్దన్నారు? మా నాన్నను ముంచినవాడు కూడా చెడ్డవాడేం కాదు. ఇంటికొస్తే మా నాన్న కాళ్లకు దండం పెట్టేవాడు. కానీ వాడికి జీతం ఇచ్చేవాళ్లు వేరు, వాడిని నమ్మేవాళ్లు వేరు. రెండింటి మధ్య ఇరుక్కున్నాడు, జీతం వైపు ఒరిగాడు. ఎవరైనా ఒరుగుతారు. ఈ సార్ అటు ఒరగకూడదని నా భయం, అంతే. బాండు వచ్చాక ఇన్ని రోజుల్లోపు వద్దనుకుంటే తిరిగి ఇచ్చేయొచ్చని నాకు ఈయన రాసిందాంట్లోనే తెలిసింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఇప్పుడు ఆ గడువు 30 రోజులు చేశారని కూడా ఈయనే రాశాడు. మా కాలనీలో పదిమందికి ఫార్వర్డ్ చేశాను. రేపు వాళ్లలో ఎవరైనా వచ్చి, మీ సార్‌కు ఫలానా కంపెనీ గది ఇప్పించిందట కదా అంటే నేనేం చెప్పాలి?

డబ్బు అడిగితే ఇస్తాం. ఇన్నాళ్లూ ఆయన అడగలేదు.

జగిత్యాల అక్క
నేనూ ఇస్తా. యూపీఐ నంబరు పెట్టు తమ్ముడూ.

హన్మకొండ చౌరస్తా
ఇద్దరు ఇస్తామన్నారు. చదివేవాళ్లు ఇద్దరే కాదు.

కాజీపేట జంక్షన్
ముగ్గురు రాసుకో. కానీ నేనిచ్చేది లింక్ తీసేస్తేనే.

ఓరుగల్లు పొదుపు
అన్నీ చదివాను. కంపెనీకి వద్దని మెయిల్ పెట్టేశాను. డబ్బు విషయాలు రాసేవాళ్ల పూట రెండో రోజు ఉంది కాబట్టి ఆ ఒక్క రోజుకే టికెట్ నేనే కొనుక్కుంటున్నాను. పొద్దున కాజీపేటలో ఎక్కి రాత్రికి వచ్చేస్తాను. అక్కడ ఆ కంపెనీవాళ్లూ ఉంటారు. జగిత్యాల అక్క అడిగిన ప్రశ్న వాళ్లనే అడుగుతాను, ఏం చెప్పారో ఇక్కడ రాస్తాను. నాకు వేరే ప్రశ్న కూడా ఉంది. నామినీ పేరు పెట్టకుండానే ముందుకు పోవడానికి బటన్ అంత పెద్దగా ఎందుకు పెట్టారు అని.

లింక్ మాత్రం తీయను. కమీషన్ వాక్యాన్ని వ్యాసం మొదట్లోకి, పెద్ద అక్షరాల్లోకి మార్చాను, ఇప్పుడే చూసుకోవచ్చు. చదివేవాళ్లు ఇచ్చే డబ్బుతో ఏడాది హోస్టింగ్ గడిస్తే అప్పుడు తీసేస్తాను. ఎవరెంత ఇచ్చారో పేర్లు లేకుండా మొత్తం బ్లాగులోనే పెడతాను.

బొగ్గుబాయి బిడ్డ
పైకి మార్చింది చూశాను సార్. ఇప్పుడు కనిపిస్తోంది. యూపీఐ నంబరు పెట్టండి.

కాజీపేట జంక్షన్
లింక్ ఉన్నంతవరకు ఆ డీమాట్ వ్యాసం నేను ఎవరికీ పంపను. మిగతావి పంపుతా. నా అభ్యంతరం నాకుంది.

లెక్కల పద్దు
చదివేవాళ్లు ఇచ్చేది కూడా ఆదాయమే. బ్లాగుకు విడిగా ఒక ఖాతా తెరిచి అందులోకే తీసుకోండి, జీతం ఖాతాలో కలపకండి. మార్చిలో నా దగ్గరికి రండి, ఫీజు వద్దు.