రెండు అలలూ దాటాను, కానీ ఒక వైపు నుంచే

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి): వేక్‌బోర్డింగ్‌లో (పడవ లాగే తాడు పట్టుకుని, పలకపై నిలబడి నీటిపై జారే క్రీడ) పడవ వెనుక లేచే ఒక అల మీది నుంచి ఎగిరి, రెండో అల వాలుపై దిగాలన్న నా చిరకాల లక్ష్యం ఈ సెలవుల్లో నెరవేరింది. ఆ సంతోషం మాటల్లో చెప్పలేనిది. అయితే పలక మడమల వైపు అంచుతో వచ్చినప్పుడే ఇది సాధ్యమవుతోంది. కాలివేళ్ల అంచుతో వస్తే గాలిలో ముందుకు తూలిపోతున్నాను. కారణం ఏమై ఉంటుందో దయచేసి చెప్పగలరా?

జవాబు (సైనిక్‌పురి నుంచి): హృదయపూర్వక అభినందనలండీ. వేళ్ల అంచుతో వచ్చేటప్పుడు ఛాతీ పడవకు ఎడంగా తిరిగి ఉంటుంది కనుక, చేతులు చాచితే తాడు భుజాలను పడవ వైపు మెలితిప్పి నడుమును వంచేస్తుంది. తాడు పిడిని ముందున్న కాలి వైపు తుంటికి దగ్గరగా ఉంచి, అంచు ఒత్తిడిని మెల్లగా మొదలుపెట్టి అల శిఖరం దాకా పెంచుతూ, అక్కడ దూకకుండా కాళ్లు చాచి నిటారుగా నిలబడండి. హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడిపేవారు గాలికి ఎదురుగా బయటికి వాలినట్లే, ఇక్కడ తాడు లాగుడుకు ఎదురుగా శరీరమంతా వాలాలి, నడుము ఒక్కటే కాదు.

జవాబు (మణికొండ నుంచి): తాడు పొడవు కొంత తగ్గించమని పడవ నడిపేవారిని అడగండి. పడవకు దగ్గరైనకొద్దీ అలల మధ్య దూరం తగ్గుతుంది. మొదట ఒక్క అలపైనే సాధన చేయడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలండీ. వచ్చే ప్రయాణంలో ముందుగా పిడి స్థానాన్నే సరిచేసుకుంటాను.