గ్రామ్సీ ‘ఎజెమోనియా’కు తెలుగులో ఏ మాట వాడాలి?

బెంగళూరులో మా తెలుగు పఠన బృందం కోసం ఇటలీ మార్క్సిస్టు ఆలోచనాపరుడు గ్రామ్సీ జైలు నోట్‌బుక్స్‌లోని కొన్ని ఖండికలను ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తున్నాం. ఒక్క మాట దగ్గర ఆగిపోయాం: ‘ఎజెమోనియా’ (ఇంగ్లీషులో ‘హెజిమొనీ’), అంటే ఒక వర్గం ప్రధానంగా ఇతరుల సమ్మతితో సంపాదించే పైచేయి.

1929 ఫిబ్రవరిలో మొదలైన తొలి నోట్‌బుక్, 44వ ఖండికలో ఆయన ఒక వర్గం మిత్ర వర్గాలకు నాయకత్వం వహిస్తుందనీ, శత్రు వర్గాలను అణచి ఏలుతుందనీ అంటాడు. అధికారం చేతికి రాకముందే ఆ నాయకత్వం సంపాదించాలన్నదే అక్కడ ప్రాణం.

‘ఆధిపత్యం’ అంటే అణచడమే వినిపిస్తుంది, పైగా అణచి ఏలడానికి ఆయన వాడే ‘డొమీనియో’కి వేరే మాట మిగలదు. ‘నాయకత్వం’ అంటే, దారి చూపి నడిపించడానికి ఆయన వాడే ‘దిరెజియోనె’తో కలిసిపోతుంది. ‘భావజాల ఆధిపత్యం’ కొంత నయం, కానీ మిత్రుల కోసం వదులుకోవాల్సిన ఆర్థిక ప్రయోజనాల సంగతి జారిపోతుంది. కన్నడ వ్యాసాల్లో ‘యాజమాన్య’ కనిపిస్తుంది. తెలుగులో అది కంపెనీ మేనేజ్‌మెంటు. ‘హెజిమొనీ’ అనే ఉంచితే చదివి వినిపించిన ప్రతిసారీ ఆగి వివరించాల్సి వచ్చింది.

అసలు చిక్కు ఆరో నోట్‌బుక్, 88వ ఖండికతో. అక్కడ రాజ్యమంటే బలప్రయోగపు కవచం తొడుక్కున్న ఎజెమోనియా. ‘సమ్మతి పాలన’ ఈ వాక్యంలో చక్కగా కుదిరింది గానీ, అధికారం రాని దశకు ‘పాలన’ నప్పదు.

ఈ రెండు ఖండికల్లోనూ మార్చకుండా వాడగలిగే ఒకే తెలుగు మాట ఏది?