90 శాతం తగ్గింపు కనిపిస్తే కొనేయాలా, ఆడే రోజు కొంటే చాలదా?

కొర్లగుంట కీబోర్డ్ (తిరుపతి)

అన్నలూ అక్కలూ, ఒక పంచాయతీ తీర్చండి. పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో సమ్మర్ సేల్ నడుస్తోంది. స్టైపెండ్‌లో ఇంట్లో ఇచ్చింది పోగా నా చేతిలో గేమ్స్‌కని రెండు వేలు మిగిలాయి. నా రూమ్మేట్ ఏమంటాడంటే, మంచి పేరున్న గేమ్ 75 శాతం దాటి తగ్గితే కళ్లు మూసుకుని కొని పెట్టుకోవాలంట, ఎప్పుడో ఒకప్పుడు ఆడతాం కదా, మళ్లీ ఆ రేటుకు వస్తుందో రాదో అని. నేనేమో ఈ వారం ఇన్‌స్టాల్ చేసి ఆడేది తప్ప ఇంకేదీ కొనకూడదు అంటున్నా. వాడి లైబ్రరీలో సగం గేమ్స్ తెరిచిన పాపాన పోలేదు, అయినా వాదనలో మాత్రం గెలుస్తాడు.

లిస్టులో ఉన్నవి విచర్ 3, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2, సివిలైజేషన్ 6, హాలో నైట్, ఒక రేసింగ్ గేమ్. లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ. అందులో ఖాళీ ఎంతుందో మాత్రం అడక్కండి.

గ్రీమ్స్‌పేట (చిత్తూరు)

నువ్వు చెప్పిందే కరెక్ట్ తమ్ముడూ. స్టీమ్‌లో పెద్ద సేల్స్ ఏడాదికి నాలుగు, స్ప్రింగ్ సేల్ కూడా 2023 నుంచి పెద్దవాటిలో చేరింది. ఇవి కాక పబ్లిషర్ సేల్స్, వీకెండ్ సేల్స్ ఎప్పుడూ ఉంటాయి. విచర్ 3 లాంటి 2015 నాటి గేమ్‌కి ఈ రేటు మళ్లీ రాదని భయపడేవాడు స్టీమ్‌డీబీ అనే సైట్‌లో ఒకసారి ధరల గ్రాఫ్ తీసి చూస్తే చాలు, మెట్లు మెట్లుగా ఎన్నిసార్లు కిందికి దిగిందో కనిపిస్తుంది. వేరే స్టోర్లతో కూడా పోల్చుకోవాలంటే ఇజ్ దేర్ ఎనీ డీల్ అనే సైట్ ఉంది. ఇప్పటిదాకా వచ్చిన కనిష్ఠ ధర ఎంత, ఇప్పుడున్నది దానికి ఎంత దగ్గర అనేది చూడాలి గానీ, స్టోర్ పేజీలో ఆకుపచ్చ పెట్టెలో శాతం ఎంతుంది అనేది కాదు.

మామిడి మండీ (చిత్తూరు)

గ్రాఫ్ చూడమని చెప్పడం తేలికే. ఆ శాతాలు నమ్మేదెట్లా? ఆషాఢం సేల్‌లో చీర మీద ముందు రెండు వేలు ట్యాగ్ వేసి తర్వాత వెయ్యికి ఇచ్చినట్టు వీళ్లూ రేటు పెంచి తగ్గిస్తారేమో.

అయినా నేను మీ రూమ్మేట్ పక్షమే. ఎందుకంటే ధరలు పెరుగుతాయి కూడా. ఫ్యాక్టోరియో చూడండి, వాళ్లు ఎప్పుడూ డిస్కౌంట్ ఇవ్వరు, ఇవ్వమని ముందే చెప్తారు, పైగా 2023 జనవరిలో 30 డాలర్ల నుంచి 35కి పెంచారు. మన రూపాయి ధరలదీ అదే కథ. 2022 అక్టోబర్‌లో స్టీమ్ దేశాలవారీగా డెవలపర్లకు సూచించే ధరలు మార్చాక చాలా గేమ్స్ ఇక్కడ పెరిగాయి. ఆగితే తగ్గుతుందనేది అన్ని వేళలా నిజం కాదు.

ఇంకోటి, మీ రేసింగ్ గేమ్ సంగతి. ఫోర్జా హొరైజన్ 4 వచ్చింది 2018లో, 2024 డిసెంబర్ 15న స్టోర్లలోంచి తీసేశారు. కార్ల కంపెనీల లైసెన్సులు, పాటల లైసెన్సులు గడువు తీరితే అంతే. ముందే కొన్నవాళ్లు ఇప్పటికీ ఆడుకుంటున్నారు, ఆడే రోజు కొందాంలే అని కూర్చున్నవాళ్లకు అసలు కొనే దారే లేదు.

గ్రీమ్స్‌పేట (చిత్తూరు)

రేటు పెంచి వెంటనే తగ్గించే ఆట స్టీమ్‌లో కుదరదన్నా. ధర పెంచిన తర్వాత 30 రోజులు డిస్కౌంట్ పెట్టనివ్వరు. అసలు ధరే ఎక్కువగా పెట్టుకుని తరచూ సేల్‌లో ఉంచేవాళ్లు ఉన్నారు, అది నిజం. అట్లాంటి గేమ్‌కి 75 శాతం తగ్గింపే మామూలు రేటు అనుకోవాలి.

ఫోర్జా విషయం ఒప్పుకుంటా. కానీ అది తీసేస్తున్నట్టు నెలల ముందే ప్రకటించారు కదా. అప్పుడు కొనుక్కోవచ్చు. భయంతో ఇప్పుడే అన్నీ కొనాల్సిన పనేముంది?

పద్మావతిపురం ప్లేయర్ (తిరుపతి)

మీరంతా ధర దగ్గరే తిరుగుతున్నారు. రీఫండ్ గురించి ఎవరూ మాట్లాడరేం?

కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటల్లోపు ఉంటే స్టీమ్‌లో కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. 2015 జూన్ నుంచి ఉన్న పద్ధతి ఇది. ఇప్పుడు సేల్‌లో ఐదు గేమ్స్ కొని, సంక్రాంతి సెలవుల్లో తెరిచారనుకోండి. ఒకటి మీ లాప్‌టాప్‌లో నత్తనడక నడుస్తుంది, ఇంకోటి మీకు నచ్చదు, కానీ 14 రోజులు ఎప్పుడో దాటిపోయాయి కాబట్టి ఏమీ చేయలేరు. అదే గేమ్ ఆడాలనుకున్న రోజు కొంటే ఆ రాత్రే నడిపి చూసి, బాగోకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. కొని దాచిపెట్టేవాళ్లు వంద రూపాయల తగ్గింపు కోసం ఆ గేమ్ మీద ఉన్న గ్యారంటీ మొత్తాన్ని వదులుకుంటున్నారు, ఆ నష్టం మీ గ్రాఫుల్లో ఎక్కడా కనిపించదు. 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్ ఉన్నవాళ్లకైతే ఇది అందరికంటే ముఖ్యం.

అట్లాగని ప్రతి గేమూ కొని, రెండు గంటలు ఆడి, వెనక్కి ఇచ్చేస్తూ పోతే కుదరదు, దుర్వినియోగం అనిపిస్తే రీఫండ్లు ఆపేస్తామని నియమాల్లోనే ఉంది. కానీ సేల్ మొదలయ్యే ముందు రోజు పూర్తి ధరకు కొన్నవాళ్లు దాన్ని వెనక్కి ఇచ్చి సేల్ ధరకు మళ్లీ కొనుక్కుంటే తప్పు పట్టమని కూడా అక్కడే రాశారు. అది చాలామందికి తెలీదు.

హాస్టల్ రాత్రిళ్లు (తిరుపతి)

అక్కా సూపర్. నేను ఇంకోటి చెప్తా, స్టోరేజ్. రెడ్ డెడ్ 2కి 150 జీబీ కావాలి, బాల్డర్స్ గేట్ 3కీ అంతే. 512 జీబీలో విండోస్, కాలేజీ సాఫ్ట్‌వేర్, ఫోటోలు పోను ఏం మిగులుద్ది? మా హాస్టల్ వైఫైలో 150 జీబీ దించాలంటే సెమిస్టర్ అయిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ అయితే రోజుకు రెండు జీబీ ప్యాక్‌తో రెండున్నర నెలలు, లెక్కేసుకోండి. కరెంటు పోయి రౌటర్ ఆగిపోయే రాత్రులు వేరే.

గ్రీమ్స్‌పేట (చిత్తూరు)

రెడ్ డెడ్‌కి ఇంకో చిక్కు, స్టీమ్‌లో కొన్నా దాన్ని చేసిన రాక్‌స్టార్ కంపెనీ లాంచర్ సాఫ్ట్‌వేర్, వాళ్ల అకౌంట్ తప్పనిసరి. 1650లో తక్కువ సెట్టింగ్స్‌తో నడుస్తుంది గానీ వాళ్లు సిఫార్సు చేసే ర్యామ్ 12 జీబీ. ర్యామ్ పెంచుకునేదాకా దాని జోలికి పోకు తమ్ముడూ. అది ఎటూ పోదు, ప్రతి పెద్ద సేల్‌లోనూ కనిపిస్తుంది.

మామిడి మండీ (చిత్తూరు)

ఎటూ పోదు అని ఎంత ధీమాగా చెప్తున్నారో.

శ్రీసిటీ షిఫ్ట్

మండీ అన్నా, మీరు ముందే కొని పెట్టుకుంటే మనదే అంటున్నారు కదా, ద క్రూ సంగతి మర్చిపోయారా? యూబీసాఫ్ట్ 2014 రేసింగ్ గేమ్. 2024 మార్చి 31న సర్వర్లు మూసేశారు. ఒంటరిగా ఆడాలన్నా సర్వర్ కావాల్సిందే కాబట్టి డబ్బు పెట్టి కొన్నవాళ్లు కూడా ఆడలేకపోయారు. దాని మీదే స్టాప్ కిల్లింగ్ గేమ్స్ అనే ఉద్యమం మొదలై, యూరప్‌లో పిటిషన్‌కి 2025 జులైలో పది లక్షల సంతకాలు దాటాయి. 2024 అక్టోబర్ నుంచి స్టీమ్ కార్ట్‌లోనే రాసి ఉంటోంది, మీరు కొంటున్నది లైసెన్స్ మాత్రమే అని. దాచుకోవడానికే కొనేవాళ్లు జీఓజీ అనే స్టోర్‌లో కొనాలి, ఇన్‌స్టాలర్ ఫైల్ దించుకుని హార్డ్‌డిస్క్‌లో పెట్టుకోవచ్చు, లాగిన్ గొడవ లేదు.

ఆన్‌లైన్ గేమ్స్ అయితే ఎంత చవకగా వచ్చినా నేను కొని పెట్టుకోను. రాకెట్ లీగ్ 2020లో ఉచితం అయింది, పబ్‌జీ పీసీ 2022 జనవరిలో ఉచితం అయింది, అంతకు ముందు నెల సేల్‌లో కొన్నవాళ్ల మొహాలు ఊహించుకోండి.

మామిడి మండీ (చిత్తూరు)

ద క్రూ విషయంలో మీదే నిజం. ఇంటర్నెట్ లేకుండా నడిచే సింగిల్ ప్లేయర్ గేమ్స్ వరకే నా మాట. వాటిలో కూడా లైసెన్సుల మీద ఆధారపడినవి, అంటే కార్లు, క్రికెటర్ల పేర్లు, సినిమా హీరోల బొమ్మలు ఉన్నవి ముందు కొనండి, మిగతావి ఆగండి. ఇంతకంటే తగ్గను.

పద్మావతిపురం ప్లేయర్ (తిరుపతి)

సివిలైజేషన్ 6 గురించి ఎవరూ చెప్పలేదు. అసలు గేమ్ 90 శాతం తగ్గింపులో ఇచ్చి మనల్ని లోపలికి లాగుతారు. ఆట నిజంగా నిండేది రైజ్ అండ్ ఫాల్, గ్యాదరింగ్ స్టార్మ్ అనే రెండు ఎక్స్‌పాన్షన్లు, అంటే విడిగా కొనే అదనపు భాగాలు, వేసుకున్నాక. కాబట్టి చూడాల్సింది అన్నీ కలిపిన బండిల్ ధర. విచర్ 3 దీనికి పూర్తిగా రివర్స్, కంప్లీట్ ఎడిషన్‌లో రెండు ఎక్స్‌పాన్షన్లూ కలిపి ఉంటాయి, సేల్‌లో అది కూడా బాగా తగ్గుతుంది. హాలో నైట్‌కి అయితే తర్వాత వచ్చిన నాలుగు అదనపు ప్యాక్‌లూ ఉచితం, పది జీబీ కూడా ఉండదు, మీ లాప్‌టాప్ దాన్ని నిద్రలో నడుపుతుంది. కాకపోతే కష్టమైన గేమ్, బాస్, అంటే పెద్ద శత్రువు, దగ్గర పదే పదే చచ్చిపోతుంటే ఓపిక ఉందా అని ముందే ఆలోచించుకోండి.

హాస్టల్ రాత్రిళ్లు (తిరుపతి)

నా లెక్క సింపుల్. ధరను గంటలతో భాగించడమే. గంటకు ఐదు రూపాయల లోపు పడితే కొంటా. గేమ్ ఎన్ని గంటల్లో అయిపోతుందో హౌ లాంగ్ టు బీట్ అనే సైట్‌లో చూసుకుంటా.

పద్మావతిపురం ప్లేయర్ (తిరుపతి)

ఈ లెక్క విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. హాస్టల్లో ఉండి రాత్రంతా మేలుకునేవాళ్లకు గంటలు చవక. నాకు ఆఫీసు, పాప హోంవర్క్, వంట అయ్యాక మిగిలేది పది గంటల తర్వాతే. వంద గంటల గేమ్‌లో అరవై గంటలు గుర్రమెక్కి అటూ ఇటూ తిరిగి మూటలు మోయడమే అయితే అది నాకు ఉచితంగా ఇచ్చినా దండగే. 2016లో వచ్చిన ఇన్‌సైడ్ నాలుగు గంటల్లో అయిపోతుంది, అందులో ఒక్క నిమిషం కూడా సాగదీసింది కాదు. మీ భాగహారంలో అది ఫెయిల్ అవుతుంది. ఏ గేమ్ గంటలు పెంచడానికి మన చేత కూలిపని చేయిస్తోందో రివ్యూల్లో ఇరవై గంటలు ఆడి విసుగొచ్చి వదిలేసినవాళ్లు రాసింది చదివితే తెలిసిపోతుంది. నేను మొదట చదివేది వాళ్లవే, అదీ ఈ మధ్య రాసినవి. సైబర్‌పంక్ 2077 గురించి 2020 డిసెంబర్‌లో రాసిన తిట్లు, 2023 సెప్టెంబర్‌లో 2.0 అప్‌డేట్ వచ్చాక రాసిన రివ్యూలు పక్కపక్కన పెడితే ఇవి రెండూ ఒకే గేమ్ గురించేనా అనిపిస్తుంది.

హాస్టల్ రాత్రిళ్లు (తిరుపతి)

సరే అక్కా, కోప్పడకండి. నా పర్సుకి నా లెక్క.

శ్రీసిటీ షిఫ్ట్

అందరికీ ఒక మాట. చిన్న టీమ్‌లు చేసిన గేమ్స్‌కి కూడా 90 శాతం కోసం కాచుక్కూర్చోవడం నాకు నచ్చదు. అమ్మకంలో 30 శాతం స్టీమ్ తీసుకుంటుంది. మిగిలినదాంట్లోనే పన్నులు, జీతాలు. అసుర అనే గేమ్ 2017లో హైదరాబాద్ ఓగర్ హెడ్ స్టూడియో వాళ్లు చేశారు. రాజీ అని పుణె వాళ్లది 2020లో వచ్చింది. ఇట్లాంటివి నచ్చితే 30, 40 శాతం తగ్గినప్పుడే కొనేస్తా. మూడు వేల ట్యాగ్ ఉన్న పెద్ద కంపెనీ గేమ్‌కి మాత్రం ఎన్నేళ్లైనా ఆగుతా.

కొర్లగుంట కీబోర్డ్ (తిరుపతి)

రూమ్మేట్ ఇదంతా నా భుజం మీద నుంచి చదివాడు. వాడి కొత్త పాయింట్ ఏంటంటే, ఎక్కడో వేరే సైట్‌లో ఇవే గేమ్స్ కీ కోడ్‌లు, అంటే స్టీమ్‌లో కొడితే గేమ్ మన లైబ్రరీలో చేరే కోడ్‌లు, సేల్ కంటే తక్కువకు దొరుకుతాయంట. కొనొచ్చా?

గ్రీమ్స్‌పేట (చిత్తూరు)

వద్దు. మా కజిన్ అట్లాంటి ఒక సైట్‌లో కొన్నాడు. కొన్ని వారాల తర్వాత కీ రద్దయి గేమ్ లైబ్రరీలోంచి మాయమైంది, అమ్మినవాడు మెసేజ్‌కి జవాబివ్వలేదు. దొంగ కార్డులతో కొన్న కీలు కూడా అక్కడ అమ్ముతుంటారు. పబ్లిషర్ దగ్గర నేరుగా కీలు తెచ్చుకుని అమ్మే అధికారిక స్టోర్లు వేరు, ఇజ్ దేర్ ఎనీ డీల్‌లో అవే చూపిస్తారు. ఇంకా చవక కావాలంటే ఎపిక్ స్టోర్‌లో వారం వారం ఉచితంగా ఇస్తారు కదా, 2020 మేలో జీటీఏ 5 కూడా ఇచ్చారు. మీ రూమ్మేట్‌కి అది చెప్పండి, కొని పెట్టుకోవాలనే దురద ఉచితంగా తీరుతుంది.

కొర్లగుంట కీబోర్డ్ (తిరుపతి)

హహ, చెప్పా. వాడికి అందులో ఇప్పటికే పెద్ద గుట్ట ఉందంట.

నేను విచర్ 3 కంప్లీట్ ఎడిషన్ కొన్నా, డౌన్‌లోడ్ అవుతోంది. హాలో నైట్ ఇది అయ్యాకే. రెడ్ డెడ్ ర్యామ్ వేయించాక. సివ్ వదిలేశా. రేసింగ్ గేమ్ ఒక్కటే మండీ అన్న మాట విని సేల్ చివరి రోజు దాకా ఆలోచిస్తా. ఒక డౌటు, విచర్ నా 1650లో బాగా నడవకపోతే? యూపీఐతో కట్టా, డబ్బు ఎక్కడికి వస్తుంది?

పద్మావతిపురం ప్లేయర్ (తిరుపతి)

రీఫండ్ అడిగేటప్పుడు కట్టిన చోటికా, స్టీమ్ వాలెట్‌కా అని అడుగుతుంది. కొన్ని పేమెంట్ పద్ధతులకు వాలెట్ ఒక్కటే చూపిస్తుంది, ఆ పేజీలో ఏముందో చూసి నొక్కండి. కానీ దానికంటే ముందు ఒక పని చేయండి. 2022 డిసెంబర్ అప్‌డేట్ తర్వాత విచర్ కాస్త బరువెక్కింది. లైబ్రరీలో గేమ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో బీటాస్‌కి వెళ్తే పాత 1.32 వెర్షన్ ఉంటుంది, 1650కి అది హాయిగా నడుస్తుంది. ఊరికే మెనూ తెరిచిపెట్టి టీకి పోకండి, అది కూడా ఆ రెండు గంటల్లోనే లెక్క.