అమ్మల ఆదివారం, మే 10: ఎవరెవరు ఏం పని చూస్తరు

కోఆర్డినేటర్:
అందరికి వందనాలు. డల్లాస్‌ల ఉన్న మన క్రైస్తవ కుటుంబాల మదర్స్ డే ఆరాధనకు, భోజనాలకు హాలు ఖరారైంది. 2026 మే 10, ఆదివారం. ఉదయం 8 గంటలకు తాళం ఇస్తరు, సాయంత్రం 4 లోపల ఊడ్చి అప్పజెప్పాలె. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల దిక్కు కుటుంబాలు ఎంతమంది వస్తున్నరో ఫారం నింపండి. లెక్క తెలిస్తేనే బియ్యం తూకం తెలుస్తది.

ముందు బట్టల సంగతి తేల్చుదాం. ఆడవాళ్లందరికి ఒకే రంగు పట్టుచీర, మగవాళ్లకు మ్యాచింగ్ లాల్చీ అని పోయిన మీటింగుల మాట వచ్చింది. నేను దానికి ఒప్పుకోను. ఫొటో బాగుంటది, నిజమే. కానీ ఊరి నుంచి వచ్చి మన ఇండ్లల్ల ఉన్న అమ్మలు, అత్తమ్మలు ఒక్కొక్క చీర ఏరుకొని సూట్‌కేసుల పెట్టుకొని వచ్చిన్రు. దాన్ని పక్కకు పెట్టించి మనం కొన్నది కట్టిస్తే ఎవరిని గౌరవించినట్టు? ఉద్యోగం పోయి తిప్పలు పడుతున్న ఇండ్లున్నయి, చదువుకునే పిల్లలున్నరు. చీరకు డబ్బులు కట్టలేక ఒక్క కుటుంబం రాకుండ ఆగిపోయినా నాకు నిద్రపట్టదు.

అందుకే నేననేది: ఎవరి అమ్మ చీర వాళ్లు కట్టుకుందాం. అమ్మది, అమ్మమ్మది, నాయనమ్మది, అత్తమ్మది, ఏదైనా సరే. లేనివాళ్లకు ఇంకో ఇంటి నుంచి అడిగి ఇప్పించే బాధ్యత నాది.

చీరల పని చూస్తున్న వదిన:
నాకు మస్తు సంతోషమైంది. మా అత్తమ్మ గద్వాల చీర మడత విప్పి చూసుకుంటనే ఉంటది, కట్టే సందర్భం లేదని మళ్ల పెడ్తది. ఒళ్లంతా నూలు, అంచు కొంగు పట్టు. రెంటిని విడిగ నేసి కుట్టరు, మగ్గం మీదనే పోగు పోగు కలుపుతరు. ఆ కలిపిన చోట వేలు పెట్టి చూపిస్తది ఆమె, చినిగితే ఎక్కడన్నా చినగాలె గానీ ఇక్కడ చినగదు అంటది.

పాత చీరలు తీసేవాళ్లకు రెండు మాటలు. ఇప్పుడే బయటికి తీసి నీడకు ఆరేయండి, ఏండ్ల కొద్ది ఒకే మడత మీద ఉంటే పట్టు ఆ గీత మీదనే పిగులుతది. జరీ మీద సెంటు కొట్టొద్దు. ఇస్త్రీ చేస్తే పైన పలుచటి నూలు బట్ట వేసి చెయ్యండి. జాకెట్ పట్టదని చీర మానెయ్యకండి, నల్లది, తెల్లది ఏ జాకెట్ ఉన్నా నడుస్తది. తొమ్మిదింటి నుంచి పక్క గదిల నేను, ఇంకో ఇద్దరు అక్కలు ఉంటం. కట్టడం రాని పిల్లలకు మేం కడ్తం. పిన్నీసులు, లోపలి లంగాలు మా దగ్గర ఉంటయి.

ఆరాధన, పాటలు:
ఒక్క అడ్డుమాట. మా ఇంట్ల ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే) ఆదివారం అమ్మ తెల్లచీరనే కట్టేది. ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మలు ఇద్దరు ఆ రోజు తెల్లచీరే కడ్తం అంటున్నరు. మనోళ్లల్ల ఎంబీ (మెన్నోనైట్ బ్రెదరెన్), బాప్టిస్టు, క్యాథలిక్కు, పెంతెకొస్తు అన్నీ ఉన్నయి. ఒకరు పూలు పెట్టుకుంటరు, ఒకరు పెట్టుకోరు. ఒకరు నగలు తీసేసి వస్తరు. స్టేజి మీద అందరికి మల్లెపూల దండలు అంటే కొందరు ఇబ్బంది పడ్తరు.

కోఆర్డినేటర్:
మంచిగ గుర్తుచేసినవ్. దండలు వద్దు. తెల్లచీర కట్టేటోళ్లు తెల్లచీరలోనే రావాలె, రంగు చీర కట్టుమని ఎవ్వరూ అడగొద్దు. కొంగు తలమీద కప్పుకునేటోళ్లను ఫొటోలకని తియ్యమనొద్దు. ఫొటోలు తీసే తమ్ముళ్లకు మళ్లమళ్ల చెప్తున్న.

యూత్ తరఫున:
అక్కా, ఇక్కడి చర్చిల మదర్స్ డేకు కార్నేషన్ పూలు పంచుతరు. అమ్మ ఉన్నోళ్లకు ఎర్రది, అమ్మ లేనోళ్లకు తెల్లది. గేటు దగ్గర మేం పంచుతం, ఖర్చు మాది.

కోఆర్డినేటర్:
తమ్మీ, మీ మనసు మంచిది. కానీ ఆ రంగుల పంపకం మనకొద్దు. పోయిన చలికాలంల అమ్మ పోయిన ఒక చెల్లె మన మధ్య ఉన్నది. విమానం దొరికేసరికి మట్టి అయిపోయింది, ముఖం చూడలేదు. గేటు దగ్గర ఆమె చేతిల తెల్లపువ్వు పెట్టి, పక్కనోళ్ల చేతిల ఎర్రపువ్వు పెడితే లోపల ఎట్ల కూసుంటది? అందరికి ఒకే రంగు పంచండి.

ఈ పువ్వు కథ కూడా పిల్లలకు చెప్పండి. వెస్ట్ వర్జీనియాల గ్రాఫ్టన్ అనే ఊర్ల ఆనా జార్విస్ అనే ఆమె, సండే స్కూల్ నడిపిన తన తల్లి జ్ఞాపకంగ 1908 మే 10న చర్చిల ఆరాధన పెట్టించింది. తల్లికి ఇష్టమని తెల్ల కార్నేషన్లు పంపింది. ఈసారి మన ఆదివారం కూడా మే 10నే పడ్డది. 1914ల ప్రెసిడెంట్ విల్సన్ మే నెల రెండో ఆదివారాన్ని దేశమంతటికి ప్రకటించిండు. ఆ తర్వాత కార్డులు, పూలు, మిఠాయిల వ్యాపారం పెరిగిపోతే ఆమెనే గట్టిగ ఎదురు తిరిగింది. ఇంకొక సంగతి, ఆనా జార్విస్‌కు పిల్లలు లేరు.

అందుకని "తల్లులందరు నిలబడండి" అని మైకుల పిలిచే పద్ధతి ఈసారి తీసేద్దాం. పిల్లలు లేని అక్కలు కుర్చీలల్ల తల వంచుకొని కూసునుడు నేను చూసిన. బైబిల్ల సామెతలు 31వ అధ్యాయం, మంచి ఇల్లాలి గురించి చెప్పేది, చదివేటప్పుడు, పిల్లలు లేచి ఆమెను ధన్యురాలంటరు అనే 28వ వచనం రాంగనే పిల్లలే లేవాలె. చిన్నోళ్లు, యాభై ఏండ్లోళ్లు, అందరం ఎవరో ఒకరి పిల్లలమే కద. లేచి, తమను పెంచిన మనిషి దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంటరు. అమ్మే కావాలని లేదు. మేనత్త కావచ్చు, హాస్టల్ల అన్నం పెట్టిన ఆయమ్మ కావచ్చు, ఇక్కడ పురుడు పోసిన పక్కింటి అక్క కావచ్చు.

సెలవు మీద నల్లగొండల ఉన్న తమ్ముడు:
అక్కా, నేను 3వ తారీఖున బయలుదేరుతున్న. ఇక్కడ ఎండ మండుతున్నది. నిన్న పోచంపల్లి పోయి వచ్చిన. చీరలేం కొనలేదు, నువ్వు చెప్పినట్టే. కానీ ఆసు చూసి వచ్చిన, దాని గురించి పిల్లలకు చెప్పాలని ఉన్నది.

చిటికి చీరకు, అంటే ఇక్కత్ చీరకు, పోగు రంగుల ముంచకముందు ఆసు పొయ్యాలె. అర్ధచంద్రం లెక్క మేకులు వరుసగ ఉంటయి, ఎదురుంగ ఇంకో మేకు ఉంటది. దారం పట్టుకొని ఇటు మేకు నుంచి అటు మేకుకు, మళ్ల ఇటు, చెయ్యి చాపుకుంట పోవాలె. ఒక్క చీరకు వేలసార్లు, నాలుగైదు గంటలు. ఎక్కువగ ఆడవాళ్లే చేసేది. ఆలేరు దగ్గరి శారాజీపేటల చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువు లేకున్నా ఏండ్లకేండ్లు తిప్పలు పడి 1999ల ఆసు మిషన్ చేసిండు. గంటన్నరల అయిపోతది. దానికి అమ్మ పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017ల పద్మశ్రీ వచ్చింది. మన నల్లగొండ దిక్కు మనిషి.

చెక్క పలక మీద మేకులు కొట్టి ఉత్త ఆసు ఒకటి చేస్త. ఒక్కొక్క పిల్లగాడు యాభైసార్లు చెయ్యి ఆడియ్యాలె. అప్పుడు తెలుస్తది అమ్మ కట్టుకున్న చీర ఎట్ల వచ్చిందో.

కోఆర్డినేటర్:
నువ్వు మెసేజ్ పెట్టంగనే మా ఆయనకు చదివి వినిపించిన. దీనికి పది నిమిషాలు కాదు, ఇరవై ఇస్తున్న. సామెతల ఆ తల్లి కూడా కదురు పట్టి వడికి, బట్టలు చేసి అమ్మే మనిషే. పాస్టర్ గారితోని మాట్లాడిన, వాక్యం అక్కడి నుంచే ఎత్తుకుంటరు. పుట్టపాక తేలియా రుమాలు ఎవరింట్లనన్న ఉంటే తెండి. ఆముదం కాయల బూడిద, నూనె పట్టించిన పోగుతోని నేసింది కాబట్టి తేలియా అన్నరు (తేల్ అంటే నూనె), పిల్లలు ముట్టుకొని చూడాలె.

వంటలు:
బగారన్నం, కోడికూర, పచ్చిపులుసు, పప్పు, వంకాయ. మలీద ముద్దలు చిన్నోళ్లకు. మటన్ అడుగుతున్నరు, బడ్జెట్ల పట్టదు. పెద్దమ్మలు ఉల్లిగడ్డలు కోసిస్తం అంటున్నరు.

కోఆర్డినేటర్:
మటన్ వద్దు. ఉల్లిగడ్డలు మగవాళ్లు కొయ్యాలె. ఊర్ల పండుగనాడు మా అమ్మ తెల్లారుజామున బగారా పొయ్యి మీద పెట్టి, అందరిని తయారుచేసి పంపించి, తాను మాత్రం రెండో పాటకు చర్చికి వచ్చేది. తలుపు దగ్గర చాప కొసకు కూసునేది, చేతికింకా మసాలా వాసన ఉండేది. ప్రతి పండుగకు ఇదే తంతు. ఈ ఒక్కరోజు తల్లులు మొదటి పాటకు ముందు వరుసల ఉండాలె. వంటగది తలుపు దగ్గర ఒక అన్నను నిలబెట్టండి, ఏ అమ్మ వచ్చినా మర్యాదగ తిప్పి పంపాలె. వడ్డన, గిన్నెలు కూడా మగవాళ్లవే, అది ముందే ఒప్పుకున్నరు.

ముందు వరుసల మెత్తటి కుర్చీలు, మోకాళ్ల నొప్పులున్నోళ్లు ఉన్నరు. ఏసీ చల్లగ ఉంటది, శాలువాలు తెండి.

ఆరాధన, పాటలు:
ఊర్ల ఉన్న అమ్మలతోని వీడియో కాల్ ఎప్పుడు? 11కి మొదలుపెడితే అక్కడ రాత్రి 9:30 అయితది. మా అమ్మ తొమ్మిది దాటితే పడుకుంటది.

కోఆర్డినేటర్:
అయితే 10కే మొదలు, అక్కడ 8:30. మొదటి ప్రార్థన కాంగనే కాల్. వాళ్లకు ముందే చెప్పండి, వాళ్లు కూడా ఇష్టమైన చీర కట్టుకొని కూసుంటరు. పెద్ద స్క్రీన్ మీద పేరు పేరున పలకరిద్దాం, ఒక్కొక్కరికి నిమిషం. లైన్ దొరకని ఊర్లోళ్లవి ముందుగాల్నే రికార్డు చేసి పంపండి, గురువారం లోపల నాకు చేరాలె.

యూత్ తరఫున:
ప్రొజెక్టర్, వైఫై మేం చూస్తం. పూలు అన్నీ ఒకే రంగు, గులాబి రంగువి ఆర్డర్ పెట్టినం.

కోఆర్డినేటర్:
సరే. శనివారం సాయంత్రం 6కు మైకు చెక్. కారు లేని అమ్మలను తీసుకొచ్చేటందుకు ఇంకా ఇద్దరు డ్రైవర్లు కావాలె, ఎవరొస్తరో ఇక్కడే రాయండి.