అప్‌డేట్: కొత్త లోడర్లు ఇప్పుడు నిలబడుతున్నారు

విజయవాడ ఆటోనగర్‌లో మా పార్శిల్ గోడౌన్‌కి వచ్చిన కొత్త లోడర్లు వారం తిరక్కుండానే మానేస్తున్నారని రెండు నెలల కిందట అడిగాను కదా. జీతం పెంచమని చాలామంది అన్నారు. అది నా చేతిలో లేదు. కానీ "మానేసినవాళ్లకే ఫోన్ చేసి అడగండి" అన్నారు ఒకరు, అదే పనికొచ్చింది.

ఆరుగురికి చేశాను. నలుగురు చెప్పింది ఒకటే: బరువుకి భయపడలేదట, ఏమీ చూపించకుండా బండి దగ్గర నిలబెట్టి, తప్పు జరిగితే అరిచారట. అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. చాలా బాధేసింది.

ఇప్పుడు మొదటి మూడు రోజులు పాత లోడరు పక్కనే ఉంచుతున్నాం. మోకాళ్లు వంచి, పెట్టెని ఒంటికి ఆనించుకుని లేపాలి. బరువైనవి అడుగున. చివర దింపాల్సినవి ముందు ఎక్కించాలి. అందరూ తడబడేది పిన్‌కోడ్ దగ్గరే. 520 అంటే విజయవాడ, 522 అంటే గుంటూరు వైపు. ఆ మూడో అంకె చుట్టూ స్కెచ్ పెన్నుతో సున్నా చుట్టిస్తున్నాం. మొన్న నున్న ఊరి కుర్రాడు ఓ పెట్టె తిప్పి చూసి, "అన్నా, ఇది తెనాలిది, మన బండిలోకి ఎందుకొచ్చింది?" అన్నాడు. చేరి అప్పటికి అయిదో రోజు! ఎంత సంతోషమేసిందో.

ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) కార్డు మొదటి నెలలోనే ఇచ్చేలా ఆఫీసుని ఒప్పించాను. మధ్యాహ్నం మజ్జిగ కూడా ఇస్తున్నాం.

తొమ్మిదిమంది చేరితే ఏడుగురు ఉన్నారు. వెళ్లినవాళ్లలో ఒకతనికి రాత్రి షిఫ్టు అయ్యాక కంకిపాడు వైపు వెళ్లడానికి బండేమీ దొరక్క మానేశాడు. నెలవారీ ఆటో మాట్లాడినవాళ్లుంటే ఎలా కుదిరిందో చెప్పండి.