అనుమతులు త్వరగా వస్తున్నా అధికారులపై నమ్మకం ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న – హన్మకొండ నిర్మాణదారు

హన్మకొండలో అపార్ట్‌మెంట్లు కట్టే ఒక చిన్న సంస్థలో నేను అనుమతుల పని చూస్తాను. మా వంటి నిర్మాణదారులం కొందరం కలిసి నగరపాలక సంస్థకు, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థకు ఒక వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాము. దానికి ముందు సభ్యుల అభిప్రాయాలు సేకరించే ప్రశ్నావళిని తయారుచేసే బాధ్యత నాపై పడింది. చిక్కంతా అక్కడే వచ్చింది.

అనుమతుల విధానంతో సంతృప్తిగా ఉన్నారా అని అడిగితే ఎక్కువమంది ఉన్నామనే చెబుతున్నారు. 2020లో భవన అనుమతులను ఆన్‌లైన్‌లో ఇచ్చే టీఎస్‌-బీపాస్‌ చట్టం వచ్చిన తరువాత 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి స్వీయ ధ్రువీకరణపై వెంటనే అనుమతి లభించింది. అంతకు మించిన భవనాలకు 21 రోజుల గడువు పెట్టి, ఆ లోపు నిర్ణయం రాకుంటే అనుమతి ఇచ్చినట్టే లెక్క అన్నారు. ఫైలు ఏ బల్ల మీద ఉందో వెతుక్కుంటూ తిరిగిన కాలం చూసినవారికి ఇది చిన్న మార్పు కాదు. కానీ అదే మనిషిని, సైట్‌లో ప్లానుకు కొద్దిగా తేడా వచ్చినప్పుడు మీరే ముందుగా వెళ్లి అధికారికి చెబుతారా అని అడిగితే నవ్వి ఊరుకుంటున్నాడు. సేవ బాగుందన్నవాడే ఆఫీసును ఎందుకు నమ్మడు? ఈ రెండింటినీ వేర్వేరుగా అడగాలా, ఒకటిగానే లెక్కించాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు – కాజీపేట ఎల్‌టీపీ (లైసెన్సు ఉన్న సాంకేతిక నిపుణుడు)

ప్లాన్లు గీసి ఆన్‌లైన్‌లో పెట్టే పని నాది కనుక రెండు పక్షాల మాటలూ నా చెవిన పడుతుంటాయి. సంతృప్తి అనేది ఒక్కొక్క దరఖాస్తుకు పుట్టి, ఆ దరఖాస్తుతోనే ముగిసిపోతుంది. ఈసారి త్వరగా వచ్చింది, సంతోషం. వచ్చేసారి ఏమవుతుందో ముందే ఊహించగలిగినప్పుడే నమ్మకం అన్న మాట వాడాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. మాస్టర్‌ ప్లాన్‌లో 60 అడుగుల రోడ్డు అని ఉంటుంది, నేల మీద 40 అడుగులే ఉంటుంది. విస్తరణలో పోయే భాగాన్ని యజమాని ముందుగానే వదులుకోవాలి. అందులో మాకెవరికీ పేచీ లేదు. రోడ్డు మధ్యగీత ఎక్కడ అన్నదగ్గరే వస్తుంది తంటా. ఒక అధికారి తారు రోడ్డు వెడల్పును కొలిచి దాని నడుమ గీత పెడతాడు. ఆయన బదిలీ అయ్యాక వచ్చిన మరొకరు ఎదుటి ఇంటి ప్రహరీ నుంచి ఇటు ప్రహరీ దాకా టేపు పట్టి, అందులో సగం లెక్క తీస్తాడు. ఎదుటివాడు ఇదివరకే రెండడుగులు ముందుకు జరిగి కట్టుకుని ఉంటే ఆ రెండడుగుల భారంలో సగం మన స్థలం మీద పడుతుంది. సెట్‌బ్యాక్‌ (భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ) అడుగు తగ్గితే లిఫ్టు గుంత జరుగుతుంది, మెట్లు జరుగుతాయి, పార్కింగులో ఒక కారు పోతుంది. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు, ఇద్దరూ గడువులోపే పని చేసి ఉండవచ్చు. అయినా ఏ కొలత నిలుస్తుందో తెలియని నిర్మాణదారు కార్యాలయాన్ని ఏ ధైర్యంతో నమ్మాలి?

లోపాలు తెలిపే షార్ట్‌ఫాల్‌ లేఖలదీ అదే తీరు. ఒకేసారి ఐదు లోపాలు రాసి పంపితే ఎవరూ నొచ్చుకోరు. ఒకటి సరిచేసి పంపాక మరొకటి రాస్తేనే, ఇది ఎక్కడికో దారి తీస్తోందన్న అనుమానం వస్తుంది. అందుకని రెండు ప్రశ్నలూ వేర్వేరుగానే అడగండి.

జవాబు – విశ్రాంత పట్టణ ప్రణాళికా ఉద్యోగి

అవతలి బల్ల వెనుక నుంచి చూసినవాడిగా రెండు మాటలు చెప్పనివ్వండి. ప్రశ్నావళి అంతా "అధికారిపై మీకు నమ్మకం ఉందా" అన్న దిక్కుగానే సాగితే సగం కథ మిగిలిపోతుంది. అధికారి మిమ్మల్ని ఎందుకు నమ్మాలి అన్నది మిగతా సగం. 2012 భవన నిర్మాణ నియమావళిలో నిర్మిత వైశాల్యంలో పది శాతాన్ని ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే నివాస ధ్రువపత్రం) వచ్చేవరకు మార్ట్‌గేజ్‌గా, అంటే తాకట్టుగా, ఎందుకు ఉంచమన్నారు? ప్లాను ప్రకారం కడతానన్న మాటకు విలువ లేకుండా పోయిన చోటే అటువంటి హామీ కోరవలసి వస్తుంది. స్టిల్ట్‌ పార్కింగు (భవనం కింద స్తంభాల మధ్య బండ్లు నిలిపే చోటు) అని చూపిన చోట దుకాణాల షట్టర్లు వెలసిన భవనాలు మన నగరంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోవడానికి సర్వే అవసరం లేదు, సాయంత్రం ఒకసారి నడిచి వస్తే చాలు.

2020 ఆగస్టులో హన్మకొండ, వరంగల్‌ కాలనీలు నీట మునిగినప్పుడు నాలాల మీది కట్టడాల సంగతి బయటపడింది. వాటికి అనుమతి ఎవరు ఇచ్చారు, ఇవ్వకుంటే ఎవరు చూస్తూ ఊరుకున్నారు అని అందరూ అడిగారు, అడగవలసిందే. ఆ తరువాత సంతకం పెట్టే ప్రతి ఉద్యోగి మనసులో ఆడిట్‌, విజిలెన్స్‌, కోర్టు మెదులుతుంటాయి. అటువంటివాడికి మీరు స్వయంగా వచ్చి "సార్‌, బాల్కనీ అడుగున్నర బయటికి పోయింది" అని చెబితే, విన్నందుకే తాను ఇరుక్కుంటానని భయపడతాడు. రాసుకుంటే నోటీసు ఇవ్వాలి, రాసుకోకుంటే కుమ్మక్కయ్యాడంటారు. ముందుగా చెప్పిన తేడాను ఏ మేరకు, ఏ రుసుముతో సరిచేయవచ్చో స్పష్టమైన దారి చూపకుండా ఇరువైపులా ధైర్యం రమ్మంటే రాదు.

ఇంకొక సంగతి. మన ఊళ్లో చాలామంది నమ్మకం అనేది నిజానికి పరిచయం. "ఆయన మనవాడే, పని అయిపోతుంది" అన్నది ఆ మనిషి కుర్చీలో ఉన్నంతవరకే. బదిలీ ఉత్తర్వు రాగానే మళ్లీ మొదటికొస్తుంది. మీ ప్రశ్నావళిలో ఈ రెండూ కలిసిపోకుండా చూసుకోండి, లేకుంటే పలుకుబడి ఉన్నవారంతా నమ్మకం ఉన్నవారిగా లెక్కకు వస్తారు.

జవాబు – వాణిజ్య శాస్త్ర అధ్యాపకుడు

పై ఇద్దరి మాటలకు పరిశోధనల్లోనూ ఆధారం ఉంది. మేయర్‌, డేవిస్‌, షూర్మన్‌ 1995లో నమ్మకానికి మూడు ఆధారాలు చెప్పారు: ఎదుటివారి సామర్థ్యం, మన మేలు కోరే గుణం, మాట మీద నిలబడే నిజాయితీ. గడువులోపు అనుమతి ఇవ్వడం మొదటిదానికి మాత్రమే సాక్ష్యం. మీ సభ్యులు సంతృప్తి అంటున్నది దాని గురించే అయి ఉండాలి. మిగతా రెండింటి గురించి వారిని ఇంకా ఎవరూ అడిగినట్టు లేదు.

టామ్‌ టైలర్‌ అనే అమెరికా పరిశోధకుడు, ప్రజలు చట్టాన్ని పాటించడం శిక్షా భయం కన్నా, తమతో వ్యవహరించిన తీరు న్యాయంగా ఉందా లేదా అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని చూపాడు. కోరింది దక్కకపోయినా, తమ మాట విన్నారని, అందరికీ ఒకే కొలత వాడారని, కారణం చెప్పారని అనిపిస్తే మనుషులు ఆ నిర్ణయాన్ని ఒప్పుకుంటారు. వరంగల్‌ కోట, వేయి స్తంభాల గుడి వంటి రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. ఈ హద్దులో అనుమతి రాదని తెలిసిన నిర్మాణదారు ఆ స్థలం కొనడు, కొంటే తన లెక్క తప్పిందనుకుంటాడు. అదే ఒక చెరువు ఎఫ్‌టీఎల్‌ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు) ఎక్కడో తేలకుండా ఉండి, అనుమతి ఇచ్చాక తగాదా వస్తే, తనను మోసగించారనే అనుకుంటాడు. చేతిలో అనుమతి పత్రం ఉన్నవాడు కార్యాలయాన్ని నమ్మకపోవడం, అనుమతి దొరకనివాడు నమ్మడం, రెండూ జరగవచ్చు.

జవాబు – ఖిలా వరంగల్ నివాసి

అధ్యాపకుడు గారి ఉదాహరణ బయటి నిర్మాణదారుకు సరిపోతుంది. కోట లోపల తరతరాలుగా ఉంటున్నవారికి స్థలం కొనాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. పైకప్పు బాగుచేసుకోవడానికీ అనుమతి కావాలి, పెళ్లయిన కొడుకుకు ఒక గది వేయడానికి వీలుండదు. నియమం స్పష్టంగానే ఉంది, అందరికీ ఒకటే. అయినా ఇక్కడివారికి నమ్మకం రాలేదు, ఎందుకంటే నియమం పెట్టేటప్పుడు వారి మాట ఎవరూ వినలేదని వారి బాధ.

ప్రశ్న అడిగినవారు – హన్మకొండ నిర్మాణదారు

అందరికీ కృతజ్ఞతలు. ఇక్కడి మాటలను బట్టి ప్రశ్నావళిని మార్చి రాస్తున్నాను. గడువు, షార్ట్‌ఫాల్‌ లేఖలు, సిబ్బంది మాటతీరు వంటివి చివరిగా పెట్టిన ఒక్క దరఖాస్తుకే పరిమితం చేసి సంతృప్తి కింద అడుగుతాను. నమ్మకాన్ని మాత్రం నేరుగా అడగకుండా, ఏం చేస్తారని అడుగుతాను: మీకు తెలిసిన అధికారి బదిలీ అయితే పెట్టబోయే దరఖాస్తును ఆపుకుంటారా? స్లాబు వేశాక తేడా గమనిస్తే ఓసీ తనిఖీ దాకా ఆగుతారా, ముందే చెబుతారా? ఒకే వీధిలో రెండు స్థలాలకు ఒకే కొలత వాడతారని అనుకుంటున్నారా?

ఓసీ గురించి ప్రత్యేకంగా అడగడానికి ఒక కారణం ఉంది. 2016 రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలోనే ఉంచి ఆ ప్రాజెక్టుకే ఖర్చుచేయాలి, చెప్పిన తేదీకి ఇల్లు అప్పగించకపోతే వడ్డీ కట్టాలి. కార్యాలయంలో జరిగే ఆలస్యం మా మీద వడ్డీగా పడుతుంది కనుక, అనుమతి దశలో ఉన్న సంతృప్తి ఓసీ దశకు వచ్చేసరికి నిలుస్తుందో లేదో చూడాలి.

విశ్రాంత ఉద్యోగి గారికి ఒక విన్నపం. అధికారుల వైపు నుంచి కూడా నాలుగైదు ప్రశ్నలు చేర్చాలని ఉంది, కానీ సర్వీసులో ఉన్నవారు మా సంఘం కాగితం మీద జవాబు రాస్తారన్న ఆశ లేదు. పేరు, హోదా లేకుండా పదవీ విరమణ చేసినవారిని అడిగితే సరిపోతుందా? సరిపోతుందంటే ఆ ప్రశ్నలు మీరే రాసి ఇవ్వగలరా?