సర్టిఫికెట్‌తో పాటు ప్రైవేట్ కీ కూడా వెండరే తయారు చెయ్యొచ్చా?

గోదారిగట్టు:
మా కాలేజీ అడ్మిషన్ల సర్వర్‌కి ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (సైటు మాదేనని బ్రౌజర్లకి చూపే రుజువు) తీసుకోవాలి. వెండర్ "సీఎస్‌ఆర్ మేమే చేసి, సర్టిఫికెట్, కీ రెండూ జిప్‌లో మెయిల్ చేస్తాం" అంటున్నారు. ప్రిన్సిపాల్ గారు సరే అన్నారు. నాకే మనసొప్పట్లేదు. మీరేమంటారు?

పాలమూరు అడ్మిన్:
ఒప్పుకోకండి. సీఎస్‌ఆర్ అంటే దరఖాస్తు. అందులో మీ డొమైన్ పేరు, పబ్లిక్ కీ (అందరికీ ఇచ్చేది) ఉంటాయి, దాని మీద మీ ప్రైవేట్ కీతో (పబ్లిక్ కీకి జోడీ, మీ దగ్గరే రహస్యంగా ఉండేది) సంతకం పడుతుంది. ఆ కీ సర్వర్ దాటి బయటికి రానక్కర్లేదు, సర్టిఫికెట్ జారీ చేసేవాళ్లకి కూడా దాంతో పనిలేదు. అది ఇంకొకరి చేతిలో పడితే మీ కాలేజీ పేరుతోనే దొంగ సైటు నడపొచ్చు. 2018లో ట్రస్టికో అనే సర్టిఫికెట్ల అమ్మకందారు తన దగ్గర దాచుకున్న కస్టమర్ల కీలు దాదాపు 23,000, సర్టిఫికెట్లు జారీ చేసే డిజిసర్ట్ సంస్థకి మెయిల్‌లో పంపింది. కీ బయటపడితే 24 గంటల్లో రద్దు చెయ్యాలన్నది రూలు. అన్ని సర్టిఫికెట్లూ పోయాయి.

బెజవాడ వెబ్:
చిన్న సంస్థలకి హోస్టింగ్ చేసేవాడిగా చెప్తున్నా అన్నా. సీఎస్‌ఆర్ వాళ్లనే చేసుకోమంటే కీ ఎక్కడ పెట్టారో మర్చిపోతారు. సర్టిఫికెట్ వచ్చాక కీతో కలవదు, సైట్ లేవదు, రాత్రి పదింటికి నాకు ఫోన్. పైగా సర్వరే మాదైనప్పుడు కీ ఎలాగూ మా దగ్గరే ఉంటుంది కదా?

పాలమూరు అడ్మిన్:
సర్వర్ మీదైతే ఆ మాట ఒప్పుకుంటాను. కీ అక్కడే పుట్టి అక్కడే ఉంటుంది. నా అభ్యంతరమంతా మెయిల్ మీదే. ఆ జిప్ ప్రిన్సిపాల్ గారి ఇన్‌బాక్స్‌లో, ఆయన ఫార్వర్డ్ చేసిన క్లర్క్ గారి ఫోన్‌లో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. కీ పోయిందని టెన్షన్ కూడా అక్కర్లేదు. కొత్త కీ, కొత్త సీఎస్‌ఆర్ చేసి మళ్లీ జారీ చేయించుకోవచ్చు.

రాత్రి షిఫ్ట్:
ముందు సర్వర్ ఎక్కడుందో చెప్పండి గోదారిగట్టు గారూ. ఇంకో సంగతి. 398 రోజులున్న సర్టిఫికెట్ గరిష్ఠ గడువుని 2026 మార్చి 15 నుంచి 200 రోజులకి, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకి తగ్గించాలని 2025లోనే తీర్మానించారు. అన్నిసార్లు జిప్‌లు ఎవరు పంపుకుంటారు? లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ సర్టిఫికెట్ పెడితే సర్వర్‌లోని సర్ట్‌బాట్ అనే ప్రోగ్రామే కీ తయారు చేసి, దరఖాస్తు పెట్టి, రెన్యువల్ కూడా చేసుకుంటుంది. ఉచితం.

బెజవాడ వెబ్:
కొత్తవాళ్లకి నేనూ అదే పెడుతున్నా. పాతవాళ్లు మాత్రం డబ్బు కట్టిందే గట్టిదంటారు.

గోదారిగట్టు:
సర్వర్ మా ల్యాబ్ పక్క గదిలోనే ఉంది. పిల్లల ఆధార్ కాపీలు, టెన్త్ మార్కుల మెమోలు అన్నీ అందులోనే. ఇందాకే కీ అక్కడే చేశాను. వెండర్‌కి సీఎస్‌ఆర్ ఒక్కటే పంపుతాను. ఈ ఏడాదికి డబ్బు కట్టేశాం, వచ్చేసారి సర్ట్‌బాట్ గురించి ప్రిన్సిపాల్ గారితో మాట్లాడతాను. సీఎస్‌ఆర్‌లో సైటు పేరు రాసే కామన్ నేమ్ గడిలో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేకుండా పేరిచ్చాను, సరిపోతుందా?

పాలమూరు అడ్మిన్:
సరిపోదు. సబ్జెక్ట్ ఆల్టర్నేటివ్ నేమ్ అని, సర్టిఫికెట్ వర్తించే పేర్లన్నీ రాసే ఇంకో గడి ఉంటుంది, అందులో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ రెండు పేర్లూ ఇవ్వండి. క్రోమ్ 2017 నుంచి కామన్ నేమ్ చూడటమే మానేసింది. పంపే ముందు సీఎస్‌ఆర్ ఒకసారి తెరిచి, రెండు పేర్లూ పడ్డాయో లేదో చూసుకోండి.